స్కేలు ఇవ్వాల్సింది ఒక్కచోటే: క్యాడ్ ప్రింట్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తెర మీద నిక్కచ్చిగా ఉన్న డ్రాయింగు కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకు తప్పుతోందన్నదే ఈసారి ప్రశ్నలన్నిటి సారాంశం. జవాబులు కంప్యూటరులో డ్రాయింగులు గీసే (క్యాడ్) సాఫ్ట్‌వేరు ఆటోక్యాడ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. జడ్‌డబ్ల్యూక్యాడ్, బ్రిక్స్‌క్యాడ్ వాడేవారికీ కమాండ్ల పేర్లు దాదాపు ఇవే. ఒక మాట ముందే చెప్పాలి. మన దగ్గర ‘లేఅవుట్’ అనగానే వెంచర్, ‘ప్లాట్’ అనగానే ఇంటి స్థలం గుర్తొస్తాయి. ఈ పేజీలో లేఅవుట్ అంటే తెర అడుగున మోడల్ ట్యాబ్ పక్కన కనిపించే కాగితం ట్యాబ్. ప్లాట్ అంటే ప్రింటు తీసే కమాండ్. భూమి సంగతి వచ్చినప్పుడు స్థలం, వెంచర్ అనే రాస్తాం.

ప్రశ్న: 30 × 40 అడుగుల స్థలానికి ఇంటి ప్లాను మిల్లీమీటర్లలో గీశాను. 1:100 ప్రింటు కావాలని స్కేల్ కమాండ్‌తో డ్రాయింగు మొత్తాన్ని 0.01కి తగ్గించాను. ఇప్పుడు 3048 ఉండాల్సిన గది కొలత 30.48 చూపిస్తోంది. కొలతలన్నీ చేత్తో దిద్దుకోవాలా?
— డ్రాఫ్ట్స్‌మన్, ఖమ్మం

జవాబు: ఒక్కటి కూడా దిద్దకండి. కొలత మీద అంకెను చేత్తో టైపు చేస్తే ఆ క్షణం నుంచి దానికీ గోడకూ సంబంధం తెగిపోతుంది. రేపు గోడ అర అడుగు జరిపినా అంకె పాతదే ఉంటుంది. మేస్త్రీ మాత్రం ఆ అంకెనే నమ్మి ముగ్గు పోస్తాడు. డ్రాయింగు మొత్తాన్ని ఎంచుకుని స్కేల్ కమాండ్‌లో 100 ఇచ్చి అసలు సైజుకు తెచ్చేయండి. కొలతలు వాటంతటవే 3048కి వస్తాయి.

చేత్తో డ్రాయింగు బోర్డు మీద గీసిన రోజుల్లో స్కేలును ముందే నిర్ణయించుకోక తప్పేది కాదు. కాగితం ఇంతే, ఇల్లు అంత. క్యాడ్‌లో మోడల్ స్పేస్‌కు, అంటే మోడల్ ట్యాబ్‌లో బొమ్మ గీసే చోటుకు, అంచు లేదు. అక్కడ 12 మీటర్ల ఇల్లు 12 మీటర్లే ఉండాలి, 230 మి.మీ. గోడ 230 మి.మీ.లే ఉండాలి. చిన్నది చేయడం అనే పని కాగితానిది. ఆ పనిని లేఅవుట్‌లోని వ్యూపోర్టు (కాగితం మీద నుంచి మోడల్‌ను చూపే కిటికీ) ఒక్కదానికే అప్పగించాలి. మోడల్‌లో కొంత, ప్లాట్ కమాండ్‌లో కొంత, పీడీఎఫ్ ప్రింటులో కొంత తగ్గిస్తూ పోతే చివరికి చేతికొచ్చిన కాగితం ఏ స్కేలో గీసినవాళ్లకే తెలియదు.

మీ ఇంటికి లెక్క ఇలా. స్థలం 9144 × 12192 మి.మీ. 1:100లో కాగితం మీద అది 91 × 122 మి.మీ. మాత్రమే. ఏ3 కాగితం 420 × 297. ఫైలింగుకు ఎడమవైపు 20, మిగతా మూడు వైపులా 10 మి.మీ. వదిలితే చేతిలో మిగిలేది 390 × 277. అంటే కింది అంతస్తు, పై అంతస్తు, ఎలివేషన్, సెక్షన్ ఇవన్నీ 1:100లో ఒకే ఏ3లో సర్దవచ్చు. 1:50 కావాలంటే ఒక్క ప్లానే 183 × 244 అవుతుంది. రెండు ప్లాన్లు పక్కపక్కన పడతాయి గానీ టైటిల్ బ్లాకుకు (షీటు పేరు, స్కేలు రాసే పెట్టెకు) చోటుండదు. ఏ2కి వెళ్లండి, లేదా షీటుకు ఒక ప్లాను పెట్టండి.

ఇక చేయాల్సిన పని. లేఅవుట్ ట్యాబ్ మీద కుడి నొక్కు నొక్కి పేజ్ సెటప్ మేనేజర్ తెరవండి. కాగితం ఏ3, ‘వాట్ టు ప్లాట్’ దగ్గర లేఅవుట్, స్కేలు దగ్గర 1:1, యూనిట్ దగ్గర మిల్లీమీటర్లు పెట్టండి. ఇక్కడ 1:1 చూసి కంగారు పడేవాళ్లు చాలామంది. ఇది ఇంటి స్కేలు కాదు, కాగితాన్ని కాగితం సైజులోనే తీయమని చెప్పడం. తర్వాత అసలు కొలతల్లోనే 390 × 277 అంచు గీసి టైటిల్ బ్లాకు పెట్టండి. ఎమ్‌వ్యూ కమాండ్‌తో వ్యూపోర్టు గీయండి. లోపల రెండుసార్లు నొక్కి, జూమ్ అని కొట్టి, 1/100ఎక్స్‌పీ (1/100xp) అని ఇవ్వండి. చివరి ఎక్స్‌పీ అక్షరాలు మరిచిపోతే జూమ్ అవుతుంది గానీ కాగితానికి సంబంధించిన స్కేలు పడదు. ప్యాన్ చేసి బొమ్మను మధ్యకు జరపండి. వ్యూపోర్టు బయట రెండుసార్లు నొక్కి కాగితం మీదికి తిరిగి రండి. వ్యూపోర్టు అంచును ఎంచుకుని ప్రాపర్టీస్‌లో ‘డిస్‌ప్లే లాక్డ్’ను యస్ చేయండి.

ప్రింటు తీశాక 9 అంగుళాల గోడ మీద స్కేలు బద్ద పెట్టండి. 2.3 మి.మీ. రావాలి. 1.2 దగ్గర వస్తే పేజ్ సెటప్‌లో 1:1 బదులు 1:2 ఉందని అర్థం.

ప్రశ్న: లాక్ చేయకపోతే ఏమవుతుంది? ప్రతిసారీ తెరవడం విసుగు.
— విద్యార్థి, పాలిటెక్నిక్, కాకినాడ

జవాబు: వ్యూపోర్టు లోపల ఉండగా మౌస్ చక్రం ఒక్క మెట్టు తిరిగినా స్కేలు పోతుంది. స్కేలు పెట్టెలో 1:100 పోయి 0.011 లాంటి దశాంశం కనిపిస్తుంది. తెర మీద తేడా కంటికి ఆనదు. టైటిల్ బ్లాకులో మాత్రం 1:100 అనే ఉంటుంది. లాక్ చేసిన వ్యూపోర్టులో చక్రం తిప్పితే కాగితం మొత్తం కలిసి జూమ్ అవుతుంది, బొమ్మకు ఏమీ కాదు. లోపల ఎక్కువసేపు దిద్దాల్సి ఉంటే వీపీమ్యాక్స్ కమాండ్ వాడండి, వ్యూపోర్టు తెర నిండా పరుచుకుంటుంది. వీపీమిన్ కొడితే స్కేలు చెదరకుండా యథాస్థానానికి వస్తుంది. అప్పుడు లాక్ తెరవాల్సిన పనే పడదు.

ప్రశ్న: టోటల్ స్టేషన్ సర్వే పాయింట్లతో 5 ఎకరాల భూమిని గీశాం. వ్యూపోర్టుకు 1:500 ఎంచుకుంటే భూమి అంతా మాయమై చుక్కలా కనిపిస్తోంది. ‘ఫిట్’ పెడితే బాగానే వస్తోంది గానీ స్కేలు ఎంతో తెలియడం లేదు.
— సర్వేయర్, గుంటూరు

జవాబు: మీ డ్రాయింగులో ఒక యూనిట్ అంటే ఒక మీటరు, కాగితం మీద ఒక యూనిట్ అంటే ఒక మిల్లీమీటరు. జాబితాలోని 1:500కి మీటర్లూ మిల్లీమీటర్లూ తెలియవు. కాగితం మీది ఒక యూనిట్‌లో డ్రాయింగు యూనిట్లు 500 పట్టించు అన్నదే దానికి తెలిసిన మాట. అంటే ఒక మి.మీ.లో 500 మీటర్లు. 5 ఎకరాలు సుమారు 20,234 చదరపు మీటర్లు, చతురస్రం అనుకుంటే ఒక్కో వైపు 142 మీటర్లు. ఆ లెక్కన కాగితం మీద 0.28 మి.మీ. వస్తుంది. మీకు కనిపించిన చుక్క మీ భూమే.

మీటర్లలో గీసిన డ్రాయింగుకు 1000ని స్కేలు సంఖ్యతో భాగించి, వచ్చిన దానికి ఎక్స్‌పీ చేర్చాలి. 1:500కి 2ఎక్స్‌పీ, 1:200కి 5ఎక్స్‌పీ, 1:100కి 10ఎక్స్‌పీ, 1:1000కి 1ఎక్స్‌పీ. మీ భూమి 1:500లో 285 మి.మీ. వెడల్పు వస్తుంది, ఏ2లో హాయిగా సరిపోతుంది. 1:200 కావాలంటే 710 మి.మీ. అవుతుంది. ఏ1 పొట్టి వైపు 594 మాత్రమే కాబట్టి ఏ0 కావాలి.

ప్రతిసారీ ఈ లెక్క వేసుకోనక్కర్లేదు. స్కేల్‌లిస్ట్‌ఎడిట్ కమాండ్ తెరిచి కొత్త స్కేలు చేర్చండి. పేరు దగ్గర ‘1:500 మీటర్లు’ అని రాసి, పేపర్ యూనిట్లు 1000, డ్రాయింగ్ యూనిట్లు 500 ఇవ్వండి. ఇలా మూడు నాలుగు స్కేళ్లు చేర్చి ఆ ఫైలును టెంప్లేటుగా దాచుకుంటే ఆఫీసులో అందరి షీట్లూ ఒకే తీరుగా వస్తాయి. అంగుళాల్లో గీసేవారు పేపర్ యూనిట్లు 25.4గా, డ్రాయింగ్ యూనిట్లు 100గా ఇస్తే 1:100 అవుతుంది. ఎక్స్‌పీ రూపంలో అది 0.254.

యూనిట్స్ కమాండ్‌లో మీటర్లను మిల్లీమీటర్లుగా మార్చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. అది ఫైలుకు కట్టిన చీటీ లాంటిది. చీటీ మారిస్తే బొమ్మ పెరగదు, తగ్గదు. 142 యూనిట్ల గట్టు 142 యూనిట్లే ఉంటుంది, దాన్ని సాఫ్ట్‌వేరు ఇప్పుడు 142 మి.మీ. అనుకుంటుంది. అయినా ఆ చీటీ సరిగ్గా ఉండటం అవసరం. బ్లాకు (ముందే గీసి దాచుకున్న బొమ్మ) తెచ్చి పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేరు దాన్ని చూసే సైజు మారుస్తుంది. మిల్లీమీటర్లలో గీసిన 900 వెడల్పు గేటు, చీటీ లేని మీటర్ల ఫైలులోకి వస్తే 900 మీటర్ల గేటవుతుంది. ఆ చీటీ పేరు ఇన్‌స్‌యూనిట్స్, దాని విలువ మిల్లీమీటర్లకు 4, మీటర్లకు 6, అంగుళాలకు 1. నిజంగా బొమ్మనే మార్చాలంటే స్కేల్ కమాండే దారి. మీటర్ల నుంచి మి.మీ.కి 1000, అంగుళాల నుంచి మి.మీ.కి 25.4, అడుగుల నుంచి మీటర్లకు 0.3048.

సర్వే డ్రాయింగును కాగితానికి సర్దడం కోసం ఎప్పుడూ జరపకండి, తిప్పకండి. కోఆర్డినేట్లు పోతే రేపు అదే హద్దురాయిని మళ్లీ భూమి మీద గుర్తించలేరు. వ్యూపోర్టులో మాత్రమే వంపు సరిచేసుకోవాలి. దానికి లోపలికి వెళ్లి యూసీఎస్‌ను (డ్రాయింగు అక్షాలను) హద్దు గీతకు సమాంతరంగా పెట్టి ప్లాన్ కమాండ్ కొట్టి, మళ్లీ ఎక్స్‌పీ స్కేలు ఇచ్చి లాక్ చేయాలి. ఉత్తరం గుర్తు కూడా అదే వంపుతో తిరగాలన్నది మరవకండి.

జీపీఎస్ పరికరంతో యూటీఎం కోఆర్డినేట్లు (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో చెప్పే స్థానాలు) తీసుకున్నవారికి ఇంకో సందేహం వస్తుంటుంది. టేపుతో 100 మీటర్లు వచ్చినది డ్రాయింగులో 99.96 చూపిస్తుంది. అది స్కేలు తప్పు కాదు. గుంటూరు, హైదరాబాద్ పడే 44వ జోన్ మధ్య రేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ రేఖ దగ్గర ప్రొజెక్షన్ కొలతలను 0.9996 వంతుకు కుదిస్తుంది. గుంటూరు, విజయవాడ దానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి వందకు 4 సెం.మీ. తగ్గుతుంది. హైదరాబాద్ పడమటికి దూరంగా ఉంది కాబట్టి అక్కడ వందకు 4, 5 సెం.మీ. ఎక్కువే చూపిస్తుంది. 1:500 కాగితం మీద 4 సెం.మీ. అంటే 0.08 మి.మీ., గీత మందంలో కలిసిపోతుంది. రాసే అంకెల్లో మాత్రం తేడా కనిపిస్తుంది కనుక, కొలతలు గ్రిడ్ మీదివో నేల మీదివో షీటు మీద ఒక వాక్యం రాయండి.

ప్రశ్న: లేఅవుట్, వ్యూపోర్టు అన్నీ సరిగ్గా పెట్టి పీడీఎఫ్ చేశాను. జిరాక్స్ షాపులో ఏ3 ప్రింటు తీయిస్తే 100 మి.మీ. ఉండాల్సిన గీత 97 మి.మీ. ఉంది. తప్పు ఎక్కడ?
— సివిల్ ఇంజనీర్, కరీంనగర్

జవాబు: పీడీఎఫ్ ప్రింటు తీసే పెట్టెలో. అక్కడ ‘ఫిట్’ గానీ ‘ష్రింక్ ఓవర్‌సైజ్డ్ పేజెస్’ గానీ ఎంచి ఉంటుంది. ఏ3 ప్రింటర్లు కాగితం అంచుల్లో కొన్ని మిల్లీమీటర్లు అచ్చు వేయలేవు. ఆ ఖాళీలోకి పేజీ వెళ్లకుండా సాఫ్ట్‌వేరు మొత్తం పేజీని కుదిస్తుంది. 297 మి.మీ.లో రెండు వైపులా అయిదేసి పోతే మిగిలేది 287, అంటే 96.6 శాతం. మీకు వచ్చిన 97 అదే. ‘యాక్చువల్ సైజ్’ ఎంచమని షాపులో అడగండి. అలా ఎంచితే అంచు గీత తెగిపోతుందని వాళ్లు మళ్లీ ఫిట్ పెడతారు. అందుకే పైన చెప్పినట్టు అంచును కాగితం చివరి నుంచి 10 మి.మీ. లోపలే గీయాలి. అప్పుడు తెగేది ఖాళీ కాగితమే.

ఆటోక్యాడ్‌లో డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్ ప్లాటరు ఎంచుకున్నాక కాగితాల జాబితాలో ‘ఫుల్ బ్లీడ్’ అని ఉన్నవి విడిగా ఉంటాయి. అవి ఎంచుకుంటే సాఫ్ట్‌వేరు తన వంతు మార్జిన్ ఏదీ కలపదు. షీటు పూర్తి 420 × 297గా వస్తుంది. పెద్ద ప్లాటర్ల దగ్గర 24 అంగుళాల రోలు వెడల్పు 610 మి.మీ., ఏ1 పొట్టి వైపు 594 అందులో పడుతుంది. ఏ0కి 36 అంగుళాల రోలు కావాలి. రోలు మీద తీసేటప్పుడు కూడా స్కేలింగు 100 శాతం అని ఒకసారి నోటితో చెప్పించుకోండి.

ఈ మూడు శాతాన్ని చిన్నది అనుకోవద్దు. పొడవు 97 శాతమైతే విస్తీర్ణం 94 శాతమవుతుంది. 200 గజాల స్థలాన్ని ఆ కాగితం మీద స్కేలుతో కొలిచి గుణిస్తే 188 గజాలే వస్తుంది. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య మాట తేడా రావడానికి ఆ 12 గజాలు చాలు. ప్రతి షీటు అడుగున 100 మి.మీ. పొడవున్న స్కేలు పట్టీ గీసి పెట్టండి, మీటర్లు గుర్తు వేయండి. ప్రింటు ఎంత కుంచించుకున్నా పట్టీ కూడా అంతే కుంచించుకుంటుంది. స్కేలు బద్ద లేనివాడు కూడా పట్టీతో పోల్చి దూరం చెప్పగలడు.

ప్రశ్న: హైదరాబాద్‌లో అమెరికా కంపెనీల డ్రాయింగులు దిద్దే పనిలో చేరాను. ఎనిమిదో వంతు అంగుళం ఒక అడుగు అని ఉంది. దీన్ని 1:100 అని రాయవచ్చా?
— సికింద్రాబాద్

జవాబు: రాయకూడదు. అడుగుకు 12 అంగుళాలు, ఒక్కో అంగుళానికి ఎనిమిది వంతులు. అంటే 1:96. పావు అంగుళం ఒక అడుగైతే 1:48. 1:100 అని రాసిన షీటు మీద ఎవరైనా మెట్రిక్ బద్ద పెడితే ప్రతి కొలతా 4 శాతం పెరిగి వస్తుంది.

కాగితం విషయంలో కూడా జాగ్రత్త. వాళ్ల ఆర్చ్ డి షీటు 24 × 36 అంగుళాలు, అంటే 610 × 914 మి.మీ. మన ఏ1 594 × 841. తనిఖీకి ఇక్కడ ఏ1 మీద తీస్తే ఫిట్ తప్పదు, స్కేలు పోతుంది. 36 అంగుళాల రోలు మీద పూర్తి సైజులో తీయండి. లేదా సరిగ్గా సగానికి, 12 × 18కి తీసి, పక్కన ‘సగం సైజు’ అని రాయండి. 11 × 17 కాగితం ఆర్చ్ డికి సగం కాదు, 22 × 34 అంగుళాల ఆన్సి డికి సగం.

ప్రశ్న: అక్షరాల ఎత్తు ఎంత పెట్టాలి? ఒకే ప్లాను 1:100 వ్యూపోర్టులో బాగుంది, పక్కన 1:20 వివరంలో అక్షరాలు గోడలను మింగేస్తున్నాయి.
— ఇంటీరియర్ డిజైనర్, విశాఖపట్నం

జవాబు: కాగితం మీద ఎంత కనిపించాలో ముందు అనుకోండి. సాధారణ నోట్సుకు 2.5 మి.మీ., గది పేర్లకు 3.5, షీటు శీర్షికకు 5 లేక 7. ఐఎస్ఓ ప్రమాణంలోని ఈ వరుసలో ప్రతి ఎత్తూ ముందుదానికి సుమారు 1.4 రెట్లు. కాగితాన్ని ఏ2 నుంచి ఏ1కి పెంచితే పొడవులు పెరిగేదీ అంతే. అందుకే ఒక మెట్టు పెద్దచేసినా తగ్గించినా అక్షరం మళ్లీ ప్రమాణంలోనే ఉంటుంది.

మోడల్‌లో రాసే అక్షరం ఎత్తు అంటే కాగితం ఎత్తును స్కేలు సంఖ్యతో గుణించడమే. మిల్లీమీటర్ల డ్రాయింగులో 1:100కి 250, 1:20కి 50. మీటర్ల డ్రాయింగులో 1:200కి 0.5. మీ సమస్య ఇక్కడే ఉంది. 250 ఎత్తు అక్షరం 1:20 వ్యూపోర్టులో 12.5 మి.మీ. అయి కూర్చుంటుంది.

దీనికి రెండు దారులు. వివరాలకు విడి లేయరు పెట్టి, ఆ లేయరును అవసరం లేని వ్యూపోర్టులో ఫ్రీజ్ చేయడం పాత పద్ధతి. ఇప్పటికీ తప్పు లేకుండా పనిచేస్తుంది. రెండోది అన్నొటేటివ్ అక్షరాలు. ఇవి ఆటోక్యాడ్‌లో 2008 నుంచి ఉన్నాయి. టెక్స్ట్ స్టైల్‌లో అన్నొటేటివ్ టిక్కు పెట్టి, కాగితం ఎత్తు 2.5 ఇచ్చేస్తే ఏ వ్యూపోర్టులోనైనా 2.5కే కనిపిస్తుంది. అయితే ఆ అక్షరానికి ఆ స్కేలు చేర్చి ఉండాలి, లేకపోతే అసలు కనిపించదు. ‘రాసిన నోట్సు ప్రింటులో లేదు’ అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. ఆబ్జెక్ట్‌స్కేల్ కమాండ్‌తో ఆ అక్షరాలకు 1:20 చేర్చండి. కొలతలకూ ఇదే సూత్రం, డైమెన్షన్ స్టైల్‌ను అన్నొటేటివ్ చేయాలి. అన్నొటేటివ్ వాడకపోతే డిమ్‌స్కేల్‌ను (కొలతల అక్షరాలు, బాణాల సైజును పెంచే సంఖ్యను) 1:100కి 100గా పెట్టాలి. ఒక స్టైల్‌లో ఈ రెండూ కలపకండి.

అన్నొటేటివ్‌లో ఒక హెచ్చరిక. అన్నోఆటోస్కేల్‌ను ఆన్ చేసి వదిలేస్తే మీరు స్కేలు మార్చిన ప్రతిసారీ ప్రతి అక్షరానికీ ఆ స్కేలు అంటుకుంటుంది. ఇతరుల ఎక్స్‌రెఫ్ ఫైళ్ల (మన డ్రాయింగుకు జతచేసిన బయటి డ్రాయింగుల) నుంచి కూడా స్కేళ్లు వచ్చి జాబితా చాంతాడంత అవుతుంది, ఫైలు నెమ్మదిస్తుంది. అప్పుడు స్కేల్‌లిస్ట్‌ఎడిట్ తెరిచి రీసెట్ నొక్కండి. మీరు చేర్చుకున్న మీటర్ల స్కేళ్లు మళ్లీ చేర్చాల్సి వస్తుంది, తప్పదు.

ప్రశ్న: చుక్కల గీతగా పెట్టిన సన్‌షేడ్ ప్రింటులో నిండు గీతగా వస్తోంది.
— డ్రాఫ్టింగ్ నేర్చుకుంటున్న పాఠకురాలు, తిరుపతి

జవాబు: డ్యాషుల సైజును నిర్ణయించే సెట్టింగులు మూడు: పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1, ఎమ్‌ఎస్‌ఎల్‌టీస్కేల్ 1, ఎల్‌టీస్కేల్ 1 పెట్టి రీజెన్‌ఆల్ కొట్టండి. రీజెన్ కొట్టకుండా ‘మారలేదు’ అనుకోవద్దు. మొదటి దానివల్ల గీతలోని డ్యాషులు కాగితం కొలతలో వస్తాయి, వ్యూపోర్టు 1:100 అయినా 1:20 అయినా ఒకేలా కనిపిస్తాయి.

అప్పటికీ నిండు గీతే వస్తే మీ ఫైలు అంగుళాల టెంప్లేటు నుంచి పుట్టి ఉంటుంది. ఆ లైన్‌టైపు ఫైలులో హిడెన్ గీత డ్యాషు 0.25. అంగుళంలో పావు అన్నది ఉద్దేశం. మి.మీ. కాగితం మీద అది పావు మిల్లీమీటరు అవుతుంది, ఖాళీ 0.125. పెన్ను మందమే అంతకంటే ఎక్కువ, అందుకే కలిసిపోతుంది. మెజర్‌మెంట్ విలువను 1 (మెట్రిక్) చేసి హిడెన్‌ను మళ్లీ లోడ్ చేస్తే డ్యాషు 6.35 మి.మీ.గా వస్తుంది. చిన్న ఇంటి ప్లానులో అది కాస్త పొడవు. ఎల్‌టీస్కేల్ 0.5 చేస్తే కంటికి ఇంపుగా ఉంటుంది.

ప్రశ్న: ఏ1 డ్రాయింగులను సైటుకు ఏ3లో పంపమంటున్నారు. అలాగే, దేనికి ఏ స్కేలు వాడాలో నియమం ఉందా?
— సైటు ఇంజనీర్, వరంగల్

జవాబు: ఏ1 నుంచి ఏ3కి పొడవులు సరిగ్గా సగమవుతాయి కాబట్టి 1:100 షీటు 1:200 అవుతుంది. 2.5 మి.మీ. అక్షరం 1.25కి పడిపోతుంది, ఎండలో నిలబడి చదవడం కష్టం. ఏ3కి తగ్గుతుందని ముందే తెలిస్తే అక్షరాలు 3.5తో మొదలుపెట్టండి. టైటిల్ బ్లాకులో ఉత్త ‘1:100’ అని రాయకుండా ‘ఏ1 మీద 1:100’ అని రాయండి. అప్పుడు ఏ3 పట్టుకున్నవాడు బద్ద పెట్టేముందు ఆగుతాడు. ప్లాట్ పెట్టెలో ‘స్కేల్ లైన్‌వెయిట్స్’ టిక్కు పెడితే 0.5 గీత 0.25 అవుతుంది. పెట్టకపోతే గీతల మందం తగ్గదు, చిన్న కాగితం మీద సన్నని గదులు నల్లగా మూసుకుపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇనుము దూరాలు, పునాది కొలతలు కాగితం మీద బద్దతో తీయనివ్వకండి. 1:200లో గీత మందం 0.25 మి.మీ. అంటేనే నేల మీద 5 సెం.మీ. రాసిన అంకెనే చదవాలి.

నియమం సంగతికి వస్తే, జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం కీ ప్లాను (స్థలం చుట్టుపక్కల ఎక్కడుందో చూపే పటం) 1:10,000 కంటే చిన్న స్కేలులో ఉండకూడదు. సైటు ప్లాను ఒక హెక్టారు వరకు కనీసం 1:500, అంతకు మించితే కనీసం 1:1000. ఇక్కడ ‘చిన్న స్కేలు’ అంటే కింది సంఖ్య పెద్దదని అర్థం, 1:1000 అనేది 1:500 కంటే చిన్న స్కేలు. స్థానిక సంస్థ వేరే స్కేలు అడిగితే దాన్నే పాటించాలి. ఆన్‌లైన్ అనుమతులకు డ్రాయింగు ఫైలునే సాఫ్ట్‌వేరు చదువుతుంది. అక్కడ కాగితం స్కేలుతో పని లేదు, ఒక యూనిట్ ఎంత అన్నదే ముఖ్యం. వారి సూచనల్లో మీటరు అని ఉంటే మి.మీ. ఫైలును స్కేల్ కమాండ్‌తో 0.001కి తగ్గించి, వేరే పేరుతో దాచి పంపండి. మీ అసలు ఫైలును ముట్టుకోవద్దు.

ప్రశ్న: పాత గ్రామ పటాన్ని స్కాన్ చేసి, దాని మీద సర్వే నంబర్ల హద్దులు గీసి స్కేలు ప్రకారం ప్రింటు తీయాలి. పటం మీద 16 అంగుళాలు ఒక మైలు అని ఉంది. ఎఫ్ఎంబీ (సర్వే శాఖ క్షేత్ర కొలతల పుస్తకం) స్కెచ్చులో కొలతలు లింకుల్లో ఉన్నాయి.
— లైసెన్సు పొందిన సర్వేయర్, నెల్లూరు జిల్లా

జవాబు: మైలుకు 63,360 అంగుళాలు. 16తో భాగిస్తే 3960, అంటే 1:3960. అంగుళానికి 330 అడుగులు, సరిగ్గా 5 గంటర్ చెయిన్లు. చెయిను 66 అడుగులు, 100 లింకులు. లింకు 0.201168 మీటరు. ఎఫ్ఎంబీ కొలతలను లింకుల్లోనే గీయండి. మూలలు కలిశాయో లేదో చూసుకున్నాక మొత్తాన్ని ఒకేసారి 0.201168తో స్కేల్ చేయండి. ఒక్కో అంకెను విడిగా మార్చుకుంటూ పోతే చిన్న చిన్న సవరింపులు పేరుకుని హద్దు మూసుకోదు. లింకుల్లో ఉండగానే విస్తీర్ణం సరిచూసుకోవడం తేలిక. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, లక్ష చదరపు లింకులు ఒక ఎకరం. అడంగల్‌లో ఉన్న విస్తీర్ణంతో అక్కడికక్కడే పోల్చవచ్చు. ఆ స్కెచ్చు మీద మీటర్లు అని ఉంటే ఈ గుణకారం వద్దు, ముందు అది చూడండి.

స్కాన్ చేసిన పటాన్ని మాత్రం 1:3960 లెక్కతో గుడ్డిగా పెంచకండి. దశాబ్దాల నాటి కాగితం తేమకూ ఎండకూ లాగుకుని ఉంటుంది. అదీ పొడవులో ఒకలా, అడ్డంలో ఒకలా. జిరాక్స్ కాపీ అయితే మెషీను ఇంకొంత మార్చి ఉంటుంది. ఆటోక్యాడ్‌లో అలైన్ కమాండ్ రెండు బిందువులతో కలిపి స్కేలు చేస్తుంది గానీ రెండు దిక్కులా ఒకే నిష్పత్తిలో పెంచుతుంది. ఒక దిక్కు కలిస్తే రెండోది కలవదు. ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్‌లో జియోరిఫరెన్సర్ (స్కాన్‌ను నేల కోఆర్డినేట్లకు కలిపే పనిముట్టు) తెరిచి, నేల మీద ఇప్పటికీ ఉన్న ట్రైజంక్షన్ (మూడు హద్దులు కలిసే చోటి) రాళ్లు, పాత బావుల మూలలు కనీసం ఆరు తీసుకుని, మొదటి తరగతి పాలినామియల్ మార్పు ఇవ్వండి. మూడు బిందువులతోనే ఆ మార్పు కుదురుతుంది, తప్పు మాత్రం బయటపడదు. నాలుగోది నుంచే ప్రతి బిందువు దగ్గరా ఎంత తేడా మిగిలిందో పట్టికలో కనిపిస్తుంది. ఒక్క బిందువు దగ్గరే తేడా పెద్దదిగా ఉంటే ఆ రాయి జరిగి ఉండవచ్చు, దాన్ని తీసేసి మళ్లీ చూడండి. అన్నిటి దగ్గరా కొద్దికొద్దిగా ఉంటే అది కాగితం తీరు.

అలా కలిపిన చిత్రాన్ని మీటర్ల డ్రాయింగు కింద అటాచ్ చేసి, హద్దులు గీసి, 1:2000 కావాలంటే వ్యూపోర్టుకు 0.5ఎక్స్‌పీ ఇవ్వండి. పాత పటం స్కేలులోనే కావాలంటే 1000ని 3960తో భాగించి 0.25253ఎక్స్‌పీ. అసలు పటం మీద 0.3 మి.మీ. మందం ఉన్న సిరా గీత నేల మీద 1.2 మీటర్ల వెడల్పు. గట్టు ఏ అంచున ఉందో ఆ పటం చెప్పలేదు, దానికి ఎఫ్ఎంబీ కొలతలే ఆధారం. మీరు తీసే ప్రింటు మీద ఏ గీత స్కాన్ నుంచి వచ్చిందో, ఏది కొలతల నుంచి వచ్చిందో రెండు వేర్వేరు రంగుల్లో చూపించి, గుర్తుల పట్టికలో రాయండి.